అగ్నిరాజ్యంలో విభీషణుడు

2020 వేసవిలో మా అమ్మ న్యూజెర్సీలో మా ఇంట్లో చిక్కుపడిపోయింది. ఏప్రిల్‌లో తిరిగి వెళ్ళవలసింది. మార్చి చివరివారంలో భారతదేశం అంతర్జాతీయ విమానాలను ఆపివేయడంతో ప్రయాణం నిలిచిపోయింది. మా అమ్మాయికి అప్పుడు పదమూడేళ్ళు. బడి మొత్తం లాప్‌టాప్‌లోకి వచ్చి చేరింది. పగలంతా నానమ్మకు మనవరాలు, మనవరాలికి నానమ్మ తప్ప వేరే తోడు లేదు. మే 15న 'అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్' అనే యానిమేషన్ ధారావాహిక అమెరికాలో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. ఇద్దరూ కలిసి చూడడం మొదలుపెట్టారు. అమ్మకు ఇంగ్లీషు రాదు. పని ముగించుకుని నేను కూడా వచ్చి కూర్చుని, సంభాషణలను తెలుగులో చెప్పేవాణ్ణి.

నాలుగైదు భాగాలు అయ్యాక అమ్మ ఒక ప్రశ్న వేసింది. తెరమీద ముఖాన కాలిన మచ్చతో, ఎప్పుడూ కోపంగా ఉండే ఒక రాకుమారుడూ, అతని పక్కన టీ తాగుతూ ఉండే ఒక గడ్డపు పెద్దమనిషీ ఉన్నారు. "ఆయన ఈ పిల్లాడికి ఏమవుతాడే?" అని మనవరాలిని అడిగింది.

"అంకుల్, నానమ్మా."

"అంకులంటే? మేనమామా, బాబాయా?"

మా అమ్మాయి దగ్గర జవాబు లేదు. ఆమె ఎరిగిన లోకంలో పక్కింటాయన అంకులే, గుడి పూజారి అంకులే, తెనాలిలో ఉన్న మా అన్నయ్య కూడా వీడియో కాల్‌లో అంకులే. నేను అంతకుముందే ఒకసారి ఆ ధారావాహికను చూసి ఉన్నాను కాబట్టి, "తండ్రికి అన్న. పెదనాన్న అవుతాడు" అన్నాను. అమ్మ ఒక్క క్షణం కూడా ఆగలేదు. "అయితే గద్దె ఈయనది కదా! తమ్ముడు ఎలా ఎక్కాడు?"

కథ ఈ సంగతిని చెప్పడానికి ఇంకా ఇరవై భాగాల వ్యవధి ఉంది. రెండవ సంపుటిలో గాని రచయితలు బయటపెట్టని కుటుంబ రహస్యాన్ని, ఒక్క బంధుత్వవాచకం పట్టుకుని ఆవిడ లాగేసింది. ఇంగ్లీషు 'అంకుల్' దాచిపెట్టిన దాయాదితనం తెలుగులోకి రాగానే దాగడం మానేసింది. అప్పటివరకూ నేను ఈ ధారావాహికను 'అవతార్' అన్న పేరు వైపు నుంచి చూస్తూ వచ్చాను. చూడవలసిన వైపు అది కాదేమోననే అనుమానం నాకు ఆ సాయంత్రం మొదలైంది.

పేరు సంగతి ముందు ముగించుకుందాం. మైకేల్ డాంటే డిమార్టినో, బ్రయన్ కొనియెట్స్కో అనే ఇద్దరు అమెరికన్లు దీని సృష్టికర్తలు. 2005 ఫిబ్రవరి 21న నికలోడియన్ ఛానెల్‌లో మొదలై, 2008 జులై 19న ముగిసింది. నీరు, భూమి, అగ్ని అని మూడు సంపుటాలు, 61 భాగాలు. బొమ్మలు చాలామటుకు దక్షిణ కొరియా స్టూడియోలలో తయారయ్యాయి. నీరు, భూమి, అగ్ని, వాయువు అనే నాలుగు భూతాలను చేతుల కదలికతో ఆడించగల నాలుగు జాతుల లోకం అది. (మనకు ఐదు. ఆకాశాన్ని వదిలేశారు. ఆకాశంతో పోరాటాలు చిత్రించడం కష్టమని కాబోలు.) నాలుగు విద్యలూ ఒక్కరికే పట్టుబడతాయి, ఆ ఒక్కరే అవతార్. అగ్నిరాజ్యం నూరేళ్ళ కిందట ఒక తోకచుక్క ఇచ్చిన బలంతో వాయుజాతిని తుడిచిపెట్టి, మిగిలిన లోకం మీద యుద్ధం సాగిస్తున్నది. ఆ నూరేళ్ళూ మంచులో గడ్డకట్టి నిద్రపోయిన పన్నెండేళ్ళ వాయుసన్యాసి ఆంగ్ మేల్కొంటాడు. అతనే అవతార్. దక్షిణధ్రువపు జలజాతికి చెందిన కటారా, సాకా అనే అన్నాచెల్లెళ్ళూ, తర్వాత కలిసిన టాఫ్ అనే అంధబాలికా అతని తోడు. ఎవరికీ పదహారేళ్ళు మించవు.

మనవాళ్ళు ఈ ధారావాహికను గురించి మాట్లాడితే మాటలన్నీ అప్పు తెచ్చుకున్న పదాల చుట్టూనే తిరుగుతాయి. అవతార్ మనది, ద్వంద్వయుద్ధానికి వాళ్ళు పెట్టిన 'అగ్ని కై'లో అగ్ని మనది, భూరాజ్యంలో ఒక నగరపు ముసలిరాజు పేరు బూమి, రెండవ సంపుటి చివర ఏడు చక్రాలు బోధించే గురువు పేరు పథిక్. నిజమే. కాని ఈ లెక్క వల్ల తేలేది చాలా తక్కువ. ఆంగ్ 'అవతరించలేదు', పైనుంచి దిగిరాలేదు. చనిపోయిన అవతార్ తిరిగి మరొక జాతిలో పుడతాడు. వేల ఆటబొమ్మల మధ్య పసివాడైన ఆంగ్ పూర్వపు అవతార్‌లకు చెందిన నాలుగు బొమ్మలను ఏరుకున్నాడు కనుక గురువులు అతన్ని గుర్తుపట్టారు. ఇది టిబెటన్ బౌద్ధంలో లామాల పునర్జన్మను పరీక్షించే పద్ధతి. దశావతారాలతో దీనికి సంబంధం పేరు వరకే. పోరాట విద్యలు చైనావి. గాలికి బాగువా, నీటికి తాయ్‌చీ అంటూ ఒక్కొక్క భూతానికి ఒక్కొక్క చైనా యుద్ధశైలిని ఎంచుకున్నారు. తెరమీద కనపడే రాత అంతా చైనా లిపి. మన మాట వాడుకున్నారని గర్వపడడం, వాడుకుని గౌరవించలేదని నొచ్చుకోవడం, రెండూ కథ దాకా వెళ్ళకుండా గుమ్మంలోనే ఆగిపోవడం.

2010లో మనోజ్ నైట్ శ్యామలన్ దీన్ని సినిమాగా తీసినప్పుడు జరిగింది కూడా గుమ్మంలో తగాదానే, కాని అందులో ఒక వింత ఉంది. మంచివైపు పిల్లల పాత్రలకు తెల్లవాళ్ళను తీసుకుని, అగ్నిరాజ్యపు రాకుమారుడి పాత్రను దేవ్ పటేల్‌కు ఇచ్చారు. ఆసియా నమూనాలతో అల్లిన కథలో కథానాయకులు తెల్లవాళ్ళూ, దండెత్తే జాతి గోధుమరంగు వాళ్ళూ కావడం మీద అమెరికాలో పెద్ద నిరసన వచ్చింది. నిరసన న్యాయమైనదే. సినిమా కూడా బాగోలేదు. అయినా ఆ రాకుమారుడి ముఖం మన ముఖమైతే ఏమవుతుంది అన్న ప్రశ్న, తెలియకుండానే, ఆ పాత్రధారి ఎంపికలో ఉండిపోయింది. ఈ వ్యాసం చివర మళ్ళీ దాని దగ్గరికి రావలసి ఉంటుంది.

ఆ రాకుమారుడి పేరు జూకో. అగ్నిరాజు ఓజై కొడుకు. పదమూడో ఏట యుద్ధమండలిలో కూర్చునే అవకాశం దొరికింది. కొత్తగా చేరిన సైనికుల దళాన్ని ఎరగా వేసి బలిపెడదామని ఒక సేనాపతి అన్నప్పుడు ఉండబట్టలేక కాదన్నాడు. సభామర్యాద తప్పినందుకు ద్వంద్వయుద్ధం విధించారు. ఎదుట నిలిచేది ఆ సేనాపతి అనుకున్నాడు. తీరా వెనక్కి తిరిగి చూస్తే నిలబడినది తండ్రి. పిల్లవాడు మోకాళ్ళమీద కూలబడి, పోరాడనన్నాడు. తండ్రి ముఖం కాల్చాడు. దేశం నుంచి వెళ్ళగొట్టాడు. వందేళ్ళుగా ఎవరికీ కనపడని అవతార్‌ను పట్టి తెస్తే తప్ప తిరిగి రానక్కరలేదన్నాడు. అతని వెంట తనంత తానుగా బయలుదేరినవాడు పెదనాన్న ఐరో.

ఐరో ఒకప్పుడు యువరాజు, మహాసేనాని. బా సింగ్ సే అనే మహానగరాన్ని ఆరువందల రోజులు ముట్టడించి, ఆ ముట్టడిలో కొడుకును పోగొట్టుకుని, వెనుదిరిగాడు. అన్న పుత్రశోకంలో ఉండగానే తమ్ముడు తండ్రి దగ్గరికి వెళ్ళి వారసత్వం తనకు ఇమ్మని అడిగాడు. అమ్మ మొదటిరోజే పసిగట్టినది ఇదే. మన భారతంలో పెదతండ్రి అంటే ధృతరాష్ట్రుడు. తమ్ముడి కొడుకుల నోటిదగ్గర కూడు లాగడానికి సమ్మతించినవాడు. ఇక్కడ పెదతండ్రే గద్దె పోగొట్టుకున్నవాడు, పోగొట్టుకున్న దాన్ని మరచి, లాక్కున్నవాడి కొడుకును సాకుతున్నవాడు. దాయాది ఇంటి పిల్లవాణ్ణి తన చచ్చిపోయిన కొడుకు స్థానంలో చూసుకునే ఈ మనిషిని 'అంకుల్' అన్న మాటలో పెట్టి చూస్తే ఒక తమాషా ముసలాయన కనిపిస్తాడు. పెదనాన్న అన్న మాటలో పెట్టి చూస్తే ఆయన త్యాగం ఎంతటిదో తెలుస్తుంది. మొదటి రెండు సంపుటాలలో ఐరోకు గొంతునిచ్చిన మాకో అనే జపనీస్ అమెరికన్ నటుడు 2006లో మరణించాడు. ఐరో కొడుకు పుట్టినరోజున ఒంటరిగా కొండమీద అగరవత్తులు వెలిగించి పాడుకునే చిన్న కథను అతని స్మృతికి అంకితం చేశారు. అది చూసినప్పుడు నేను అనువాదం చెప్పలేదు. అమ్మ అడగలేదు.

చిన్నప్పుడు 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు చదివినవారికి ఈ ప్రయాణపు కథ చెయ్యి పట్టుకున్నట్టే ఉంటుంది. 'తోకచుక్క', 'జ్వాలాద్వీపం' అన్న పేర్లు కూడా ఇందులో సరిగ్గా అతికిపోతాయి. ఖడ్గవర్మ, జీవదత్తుడు, శిఖిముఖి, విక్రమకేసరి. ఇద్దరు యువకులు అడవులూ, లోయలూ, శిథిలాలయాలూ దాటుకుంటూ పోతారు, మాంత్రికులు అడ్డుపడతారు, నెల తిరిగితే మరొక గండం. ఆ కథల రుచి నాకు ఇప్పటికీ పోలేదు. కాని వాటిలో ఖడ్గవర్మ చివరి సంచికలోనూ మొదటి సంచికలో ఉన్న ఖడ్గవర్మే. ధైర్యం పెరగదు, తరగదు, మనసు మారదు. మారవలసిన అవసరం లేని కథలు అవి. ఆంగ్ కథ కూడా ఇంచుమించు అలాంటిదే. జూకో కథ ఆ మూసలో పట్టదు. అందుకే, పేరు ఆంగ్‌ది అయినా, మూడు సంపుటాల బరువు మోసేది జూకో అని నా అభిప్రాయం.

మూడవ సంపుటిలో సూర్యగ్రహణం నాడు, అగ్నివిద్య పనిచేయని ఆ కొద్ది నిమిషాలలో, జూకో తండ్రి ఎదుటికి వెళ్ళి నిలబడతాడు. పదమూడేళ్ళ పిల్లవాణ్ణి ద్వంద్వానికి పిలవడం క్రూరత్వమని మొహాన చెబుతాడు. మన రాజ్యం లోకంలోకెల్లా గొప్పదనీ, ఈ యుద్ధం మన గొప్పతనాన్ని ఇతరులకు పంచడమేననీ తనకు నేర్పినదంతా అబద్ధమని చెబుతాడు. గ్రహణం విడవగానే తండ్రి మెరుపు విసురుతాడు. పెదనాన్న నేర్పిన విద్యతో కొడుకు దాన్ని పక్కకు మళ్ళించి వెళ్ళిపోతాడు. ఆ విద్యను ఐరో శత్రువులైన జలజాతివారిని గమనించి తయారు చేసుకున్నాడన్నది రచయితలు చాలా ముందే నాటిన విత్తనం. తరువాత జూకో ఆంగ్ బృందాన్ని వెతుక్కుంటూ వెళ్ళి, మీతో చేరనివ్వండి అని అడుగుతాడు. వాళ్ళు పొమ్మంటారు.

ఈ ఘట్టం దగ్గర మా అమ్మ, "విభీషణుడు" అంది.

పోలిక ఎంత దూరం వెళుతుందో తర్వాత వాల్మీకి యుద్ధకాండ తీసి చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. విభీషణుడు నలుగురు అనుచరులతో సముద్రం దాటివచ్చి ఆకాశంలో నిలిచి శరణు అడుగుతాడు. సుగ్రీవుడు నమ్మవద్దంటాడు, చంపమంటాడు. ఒక్కొక్క వానరవీరుడూ ఒక్కొక్క అనుమానం చెబుతాడు. హనుమంతుడు మాత్రం ఇతని మాటలో, ముఖంలో కపటం లేదంటాడు. ఇక్కడ సాకా, కటారా అనుమానిస్తారు. ఎదుటివాళ్ళు అబద్ధమాడితే గుండెచప్పుడును బట్టి పట్టుకోగల టాఫ్ ఒక్కతె, ఇతను నిజమే చెబుతున్నాడంటుంది. చివరకు గెలిచినవారు ఇతన్నే ఆ రాజ్యానికి రాజును చేస్తారు. రామాయణంలో సముద్రజలంతో పట్టాభిషేకం యుద్ధానికి ముందే ఒడ్డున జరిగిపోతుంది.

తేడా కూడా అక్కడే ఉంది. రాముడు అడిగినవాడికి అడిగిన క్షణాన అభయమిస్తాడు. రావణుడే వచ్చి అడిగినా ఇస్తానంటాడు. అది రాముడి గొప్పతనాన్ని చూపే ఘట్టం, విభీషణుడిది కాదు. విభీషణుడు నిరూపించుకోవలసినది ఏమీ లేదు. అతను పుట్టు ధర్మాత్ముడు. తపస్సు చేసి బ్రహ్మను కోరుకున్నది కూడా ధర్మం తప్పని బుద్ధినే. ప్రహ్లాదుడూ అంతే. తల్లి కడుపులో ఉండగానే నారదుడి మాటలు విన్నాడు. మన కథలలో చెడ్డ ఇంట పుట్టిన మంచివాళ్ళు ఉన్నారు. వాళ్ళు మొదటినుంచీ మంచివాళ్ళు. మంచి ఇంట పుట్టి చెడి, తిరిగి దారిన పడ్డ నిగమశర్మలూ ఉన్నారు. ఇంటివాళ్ళు నేర్పిన తప్పును ఒప్పనుకుని నమ్మి, ఆ నమ్మకంతో పరుల ఊళ్ళమీద పడి, తర్వాత కళ్ళు తెరిచినవాడు ఎవరని వెతికితే నాకు వెంటనే ఒక్క పేరూ తోచలేదు. అశోకుడు తోచాడు గాని, అతని మీద మన పురాణాలకు ఆసక్తి లేదు.

జూకో ఊళ్ళమీద పడ్డాడు. కటారా ఊరి మీదే మొట్టమొదట పడ్డాడు. రెండవ సంపుటి చివర మారే అవకాశం వచ్చినప్పుడు పెదనాన్నను పట్టిచ్చి చెల్లెలు అజూలా పక్షాన నిలిచాడు. గౌరవంగా ఇంటికి తిరిగి వచ్చి, తండ్రి మెచ్చుకోగా, కోరుకున్నదంతా దొరికిన తర్వాత, ఆ సుఖంలో నిద్రపట్టక మారాడు. ఓడిపోయి మారినవాడు కాదు, గెలిచాక మారినవాడు. అందుకే అతని శరణాగతి ఒక్క ఘట్టంలో తెమలదు. టాఫ్ కాళ్ళు పొరపాటున కాలుస్తాడు. తానే పంపిన హంతకుడిని తానే ఎదుర్కోవలసి వస్తుంది. ఆంగ్ ఒప్పుకున్నా కటారా చాలాకాలం క్షమించదు. పిల్లల కోసం తీసిన ధారావాహిక క్షమను ఇంత ఖరీదు పెట్టి అమ్మడం నాకు నచ్చింది.

అమ్మకు మాత్రం నచ్చలేదు. "విభీషణుడు" అన్నప్పుడు ఆవిడ గొంతులో మెచ్చుకోలు లేదు. వెనువెంటనే వచ్చిన మాట, "ఇంటిగుట్టు లంకకు చేటు." తెలుగులో ఆ పేరుకున్న చలామణీ ఇదే. రామభక్తుడిగా అతనికి దణ్ణం పెడతాం. పార్టీ మారినవాణ్ణి తిట్టవలసి వస్తే అతని పేరే వాడతాం. మన అభిమానం కర్ణుడి మీద. తప్పువైపు ఉన్నానని తెలిసీ, తిన్న ఉప్పుకు కట్టుబడి, చచ్చినవాడు కర్ణుడు. నందమూరి తారక రామారావు 1977లో 'దానవీరశూర కర్ణ' తీసి, కృష్ణుడితోపాటు కర్ణుడూ సుయోధనుడూ కూడా తానే అయ్యాడంటే, జనం ఎవరిని చూడడానికి వస్తారో ఆయనకు తెలుసు. జూకో ఇంట్లోనే ఉండిపోయి ఉంటే కర్ణుడయ్యేవాడు. మా అమ్మ కన్నీరు పెట్టుకుని ఉండేది. బయటకు వచ్చి విభీషణుడయ్యాడు. మా అమ్మాయి సోఫామీద ఎగిరి చప్పట్లు కొట్టింది. నేను ఇద్దరి మధ్యా కూర్చున్నాను.

జూన్‌లో అమ్మ తన వంతు అడిగింది: మీ బొమ్మలు చూశాను, నా సినిమా మీరు చూడండి, అని. 1967 నాటి 'భక్త ప్రహ్లాద' పెట్టాం. ఎస్. వి. రంగారావు హిరణ్యకశిపుడు, రోజారమణి ప్రహ్లాదుడు. ఆలోచిస్తే, తెలుగు తెర మాటలు నేర్చుకున్నదే ఈ కథతో; హెచ్. ఎం. రెడ్డి తీసిన మొదటి తెలుగు టాకీ కూడా 'భక్త ప్రహ్లాద'యే. తండ్రి నేర్పినది తప్పని చెప్పే కొడుకు కథను మనం అన్నిటికంటే ముందు ఎంచుకున్నాం. పోతన భాగవతం సప్తమస్కంధం నుంచి పద్యాలు పిల్లలచేత బట్టీ పట్టించాం. తండ్రి మాట వినవలసినదేనని అదే పిల్లలకు అదే నోటితో చెప్పాం. ఈ రెండింటికీ పొసగదని నాకు ఎప్పుడూ అనిపించకపోవడం విచిత్రమే. ప్రహ్లాదుడు ఎదిరించినది దేవుడి కోసం కాబట్టి, ఆ మినహాయింపు మన ఇళ్ళలో ఎవరికీ వర్తించదని తెలియకుండానే సర్దిచెప్పుకుని ఉంటాం. రంగారావు కొడుకును ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముద్దుచేసే తండ్రిగా మొదలై, ఆ ప్రేమ కోపంగా మారడాన్ని పూర్తిగా నమ్మేటట్టు నటించాడు. ఓజైలో ఆ ప్రేమ లేదు. ఉండి ఉంటే ఆ ధారావాహిక మరింత కష్టమైనది, మరింత గొప్పది అయ్యేది.

సినిమా ముగిశాక మా అమ్మాయి ఒక్కటే అడిగింది. "నాన్నా, ప్రహ్లాదుడు ఏడవలేదా?"

నరసింహుడు తండ్రిని చంపినప్పుడు ఆ పిల్లవాడు ఏడ్చాడా లేదా అని నేను జన్మలో అనుకోలేదు. నా చిన్నతనంలో విన్న హరికథల్లో, బడిపాఠాల్లో కథ గోళ్ళదగ్గర పతాకస్థాయికి చేరి, స్తోత్రంతో చల్లబడి ముగిసేది. ఆ రాత్రి భాగవతం తీశాను. ఏడ్చినట్టు లేదు. కాని నేను మరచిపోయినది, బహుశా ఎప్పుడూ చదవనిది, ఒకటి ఉంది. నరసింహుడు వరం కోరుకోమన్నప్పుడు ప్రహ్లాదుడు మొదట ఏ కోరికా వద్దంటాడు. తరువాత తండ్రి కోసం అడుగుతాడు: నిన్ను నిందించిన పాపం నుంచి ఆయన పవిత్రుడు కావాలి, అని. ఇరవై ఒక్క తరాల పితరులతో సహా పవిత్రుడయ్యాడని దేవుడు చెప్పి, తండ్రికి ఉత్తరక్రియలు చెయ్యమంటాడు. అవి చేశాకే పట్టాభిషేకం. రామాయణంలోనూ రావణుడు పడిపోగానే విభీషణుడు విలపిస్తాడు. అంత్యక్రియలకు వెనుకాడితే, వైరం చావుతో సరి, చెయ్యమని రాముడే అంటాడు. చెడ్డ తండ్రికీ, చెడ్డ అన్నకూ ఇంటివాడు తీర్చవలసిన ఋణం ఏమిటని కవులు ఆలోచించారు. చంపడం ఒకరి పని, కర్మ చేయడం మరొకరి పని అని విడదీసి, కొడుకు చేతికి నెత్తురు అంటకుండా చూశారు.

'అవతార్' కూడా ఈ పంపకాన్ని పాటించడం గమనించదగినది. గ్రహణం నాడు తండ్రిని చంపగలిగీ జూకో చంపడు. అది అవతార్ పని అంటాడు. కాని అవతార్ చంపనంటాడు. ప్రాణహింస చేయకూడదని పెంచిన వాయుసన్యాసుల చివరి శిష్యుడు ఆంగ్. ఇక్కడ గీత తలకిందులైంది: వెనకాడే వీరుడే అవతారం, పోరాడమని చెప్పేవాళ్ళు అతని పూర్వజన్మలు. రోకు, క్యోషి, కురుక్ చెబుతారు. చివరకు అదే వాయుజాతిలో పుట్టిన యాంగ్‌చెన్ కూడా నీ ఆత్మశుద్ధి కంటే లోకం ముఖ్యం అంటుంది. ఎవరి మాటా వినడు. ఈ మొండితనం దాకా నేను రచయితల పక్షమే. తరువాత వాళ్ళు భయపడ్డారు. సముద్రంలో ద్వీపమంత సింహముఖపు తాబేలు ఒకటి ఎక్కడినుంచో వచ్చి (కూర్మం, నరసింహం రెండూ ఒకే జంతువులో, మనవాళ్ళు ఇంకా గమనించినట్టు లేదు), శత్రువును చంపకుండా అతని విద్యను మాత్రమే లాగేసే శక్తిని ఆంగ్‌కు ప్రసాదిస్తుంది. ప్రశ్న తీరలేదు, ప్రశ్న అవసరం తీసేశారు. జూకోకు ప్రతి మెట్టూ ఎక్కించినవారు ఆంగ్‌ను ఎత్తుకుని పైమెట్టున దింపారు. నాలుగు రోజులు చదవని పిల్లవాడికి పరీక్షనాడు కాగితం దొరికినట్టుంది ఈ ముగింపు.

అయితే ఓజై బతికి ఉండడం వల్ల ఒక లాభం కలిగింది. హిరణ్యకశిపుడు చచ్చిపోయాడు కాబట్టి ప్రహ్లాదుడు అతనితో మళ్ళీ మాట్లాడనక్కరలేదు. కర్మ చేస్తే చాలు. జూకో పట్టాభిషేకం తరువాత చెరసాలకు వెళ్ళి, బలం పోయి నేలమీద కూలబడ్డ తండ్రిని చూడవలసి వచ్చింది. దాని సంగతి తరువాత చెబుతాను.

ఆ జూన్ 30న కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం ఒకటి సిలికాన్ లోయలోని ఒక పెద్ద సంస్థమీద, భారతీయ ఉద్యోగుల మధ్య కులవివక్ష జరిగిందని దావా వేసింది. వార్త మా అమ్మాయి దాకా వచ్చింది. అప్పటికి మూడవ సంపుటిలో ఆంగ్ మారువేషంలో అగ్నిరాజ్యపు బడిలో చేరే భాగం చూసి ఉన్నారు. అక్కడి పిల్లలు పొద్దున్నే రాజుకు ప్రతిజ్ఞ చేస్తారు. సన్యాసులకు సైన్యమే లేకపోయినా, ఆ సైన్యాన్ని యుద్ధంలో ఓడించామని చరిత్రపాఠంలో చదువుతారు. మా ప్రతిజ్ఞ లాగే ఉంది అని మా అమ్మాయి నవ్వింది. ఇరాక్ యుద్ధం నడుస్తున్న సంవత్సరాలలో తీసిన ధారావాహిక అది; ఆ నవ్వు రచయితలు కోరుకున్నదే అయి ఉంటుంది. అమెరికాను అగ్నిరాజ్యంగా చూడడం నాకూ ఇబ్బంది కాదు. మనం వలసవచ్చినవాళ్ళం, మనది నీటిజాతో, భూజాతో అనుకుని కూర్చుని ఉన్నాను.

"మనం ఏ కులం?" అని అడిగింది.

"ఇక్కడ అవేమీ లేవు" అన్నాను. అదే వారం దావా వార్త చదివినవాణ్ణి. అమ్మ మాత్రం దాపరికం లేకుండా కులం పేరు చెప్పి, మా తాతగారి భూముల గురించీ, ఊళ్ళో మా ఇంటి పేరు చెబితే జనం లేచి నిలబడడం గురించీ సంతోషంగా చెప్పింది. మా అమ్మాయి శ్రద్ధగా విన్నది. ఆ ఇంటి అరుగు చివర కూలివాళ్ళకు విడిగా పెట్టిన గ్లాసులు నేను చూశాను. వాటిని ఎవరు కడిగేవారో, ఎక్కడ బోర్లించేవారో కూడా నాకు గుర్తుంది. ఆ సాయంత్రం దాన్ని కథలో కలపలేదు. ఇంటిగుట్టు. దేవ్ పటేల్ ముఖం గురించి నేను పైన దాటవేసిన ప్రశ్న ఇదే. రాకుమారుడు మనవాడైతే అన్నది ఊహ కాదు. మన గొప్పతనం గురించి మన పెద్దలు చెప్పినది విని, నమ్మి, ఆ నమ్మకపు ఫలాలు తిని పెరిగినవాడు, తండ్రి ఎదుట నిలబడి అది అబద్ధమని చెప్పవలసిన రోజు కథ అది. నాకు ఆ రోజు వచ్చింది. నేను రిమోట్ తీసుకుని తర్వాతి భాగం పెట్టాను.

అందుకే 'అవతార్'ను దశావతారాలతో సరిపోల్చి, ఎంత అరువు, ఎంత చౌర్యం అని లెక్కలు కట్టే పద్ధతి నాకు ఇప్పుడు సౌకర్యంగా, అనుమానంగా కనిపిస్తున్నది. ఆ లెక్కలో మనం ఎప్పుడూ ఇచ్చినవాళ్ళమే. మన వస్తువును ఎవరో పట్టుకుపోయారు, అంతే. మంచివైపు పేరు మనది కాబట్టి కథలో మన చోటు కూడా అక్కడే అనుకుంటాం. జూకో వైపునుంచి చూస్తే ఆ సౌకర్యం పోతుంది.

ఇక చెరసాల. ముగింపులో తోకచుక్క వచ్చివెళ్ళాక, పెదనాన్న గుడారంలో జూకో రాత్రంతా మోకాళ్ళమీద కూర్చుని, తెల్లవారి ఆయన లేవగానే క్షమాపణ మొదలుపెడితే, మాట పూర్తి కాకుండానే ఐరో లాగి గుండెలకు హత్తుకునే ఘట్టం ముందే గడిచిపోయి ఉంటుంది. తండ్రి దగ్గర అలాంటిదేమీ జరగదు. క్షమించడు, క్షమాపణ అడగడు, ఉపన్యాసం ఇవ్వడు. దేశబహిష్కారం తనకు చేసిన మేలును గురించి పొడిగా ఒక మాట అని, చిన్నప్పుడు కనపడకుండా పోయిన తన తల్లి ఎక్కడుందని అడుగుతాడు. దృశ్యం అక్కడే తెగిపోతుంది. జవాబు లేదు.

"తల్లి ఏమైంది?" అని అమ్మ కూడా అదే అడిగింది. నాకు తెలియదన్నాను. మా అమ్మాయికి తెలుసు. 2013లో జీన్ లూయెన్ యాంగ్ రచనతో 'ది సెర్చ్' అనే బొమ్మల పుస్తకం మూడు భాగాలుగా వచ్చిందట. లైబ్రరీ నుంచి టాబ్లెట్‌లోకి దించుకుని ఎప్పుడో చదివేసింది. మర్నాటినుంచి నానమ్మ పక్కన కూర్చుని, బొమ్మలు చూపిస్తూ, తన తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. నన్ను అనువాదానికి పిలవలేదు. జులైలో ప్రత్యేక విమానంలో అమ్మకు చోటు దొరికింది. అప్పటికి వాళ్ళు రెండవ భాగం సగంలో ఉన్నారు.